జింకలు వదిలిన పూల బతుకమ్మ

మా చిన్నప్పుడు విదేశంలో, పోర్ట్‌లీష్ అనే ఊరి చివర అద్దె ఇల్లు... పెరటి గోడ దాటితే అడవే. నాన్న అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. మేము హన్మకొండ నుంచి వచ్చిన రెండో ఏడు, బతుకమ్మను సొంత పెరటి పూలతోనే పేర్చాలని అమ్మ పంతం పట్టింది. గులాబీలు, చామంతులు వేసింది.

ఓ పొద్దున చూస్తే గులాబీలకు ఒక్క మొగ్గ లేదు! పక్కింటి బ్రీడా ఆంటీ గోడ మీంచి తొంగి చూసి, "అహ్, దట్స్ ద డియర్!" అంది.

అమ్మ గిర్రున నాన్న వైపు తిరిగింది. "ఏందండీ... పూలు మీరు తెంపిండ్రా?"

"నేనెందుకు తెంపుత?" అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నాన్న బిత్తరపోయాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "ఈ డియర్ అంటే జింకమ్మా, నాన్న కాదు!"

ఘాటు వాసన ఉంటే జింకలు ముట్టవని బ్రీడా ఆంటీ చెప్పింది. అమ్మకు ఇంకో చిక్కొచ్చిపడింది... దేవుడికి పెట్టే పువ్వును వాసన చూడకూడదు కదా! చూడకుండా ఏరుకునేదెట్లా?

నర్సరీలో తనకే ఉపాయం తట్టింది. "పువ్వు జోలికి పోకుండ్రి... ఆకు నలిపి చూడుండ్రి."

ఇక నాన్నా నేనూ వరసగా ఆకులు నలపడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం... అమ్మ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఘాటుందా?" అని అడగడం! నాన్న తుమ్ములు విని కౌంటర్ దగ్గరి అమ్మాయి, "ఆర్ యూ గ్రాండ్ దేర్?" అని, అంటే బాగానే ఉన్నారా అని, పరుగెత్తుకొచ్చింది. అలా బంతి, లావెండర్ మా ఇంటికొచ్చాయి.

అయినా అమ్మకు భయమే. రోజూ లేవగానే కిటికీ దగ్గరికి ఉరికేది. పండగకు ముందు ఓ ఉదయం జింక రానే వచ్చింది! బంతుల మీదికి మూతి వంచింది... "పో తల్లీ... నీకు దండం పెడత, పో," అని అమ్మ గొణుగుతూ నా భుజం గట్టిగా పట్టుకుంది. జింక ఫుర్రుమని తుమ్మి గోడ దూకేసింది. అమ్మ నన్నెత్తుకుని వంటింట్లో గిరగిరా తిప్పేసింది.

తంగేడు బదులు పసుపు బంతి, గునుగు బదులు లావెండర్... పండగ సాయంత్రం బ్రీడా ఆంటీ కూడా మాతో చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగింది. ఎంత సంతోషమో!

ఇప్పుడు అదే దేశంలో లీక్స్‌లిప్ అనే ఊళ్లో ఉంటున్నాం, మా ఇంటి దరిదాపుల్లో జింకలే లేవు. ఎండు గునుగు పార్సిల్లో వస్తుంది, ఆటలు హాల్లో. కానీ పువ్వు దక్కిందని అమ్మ నన్ను గిరగిరా తిప్పిన ఆ సంబరం ఏ పార్సిల్లోనూ రావడం లేదు... నర్సరీకి వెళ్తే నా చెయ్యి ఇప్పటికీ ముందు ఆకు మీదికే పోతుంది.

మీ ఇంటి పూలకు పోటీ ఎవరు... మేకలా, కోతులా, పక్కింటి పిన్నిగారా? చెప్పండి, నవ్వుకుందాం.