పక్కన ఉంటానని మాత్రమే చెప్పిన రంగనాయకి అవ్వ

నిన్న పొద్దున కాలేజీ బస్సు పిళ్ళైచావడి దాటుతుండగా అమ్మ ఫోన్ చేసింది. రంగనాయకి అవ్వ పోయిందట.



మొన్న ఆదివారమే కదా, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని అంతసేపు నవ్వించింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆమె మా అమ్మమ్మ చెల్లెలు. పుదుచ్చేరి బజారులో పాత్రల అంగడి వాళ్ళ కోడలు. పంతొమ్మిదివందల డెబ్భైల చివర్లో మొదలుపెట్టి ఎనభైలంతా, కాన్పుకు వెళ్ళే ఆడవాళ్ళకు తోడుగా వెళ్ళేది.

మంత్రసాని కాదు. నర్సు కాదు. నడుము రుద్దేది, నీళ్ళు తాగించేది, పట్టుకున్న చెయ్యి వదిలేది కాదు.

ఇప్పుడు దీన్ని డౌలా అంటారు. చదువుతో పాటు నేనూ ఆ ట్రైనింగ్ చేస్తున్నాను. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు అవ్వ, "ఏందే అది, ఊతప్పం మాదిరి తినేదా?" అంది.

పని నేర్చుకోవచ్చు. తెలియని ఇంటికి వెళ్ళి నేను ఫలానా అని చెప్పుకోవడమే కష్టం. ఆదివారం, డౌలాగా నన్ను పరిచయం చేసుకునే నా ప్రొఫైల్ అవ్వకు చదివి వినిపించాను. "సురక్షితమైన, ఆనందమైన ప్రసవానికి నాదీ హామీ" అని రాసుకున్నాను. తెలుగు రాయడం ఈమధ్యే నేర్చుకున్నాను కదా, ఆ వాక్యం నాకు భలే నచ్చింది.

అవ్వకు నచ్చలేదు.

"హామీ ఇచ్చేదానికి నువ్వెవురే?"

అప్పుడు చెప్పింది, సరోజమ్మ సంగతి.

అవ్వ మొట్టమొదట ఈ పని అడగడానికి వెళ్ళింది విల్లియనూరులో, నెలలు నిండుతున్న సరోజమ్మ ఇంటికి. పాత పంచెలు ఉతికి, మెత్తగా చింపి, పొత్తిగుడ్డలుగా మడతపెట్టి సంచిలో తీసుకెళ్ళింది. సంచి తెరవగానే సరోజమ్మ అత్తగారి ముఖం మారిపోయింది.

మా ఇళ్ళల్లో కాన్పుకు ముందు బిడ్డ కోసం ఒక్క గుడ్డ కూడా లోపలికి రానివ్వరు. అవ్వకు అది తెలుసు. కానీ ఆ గుడ్డలు తన పనిముట్లనే అనుకుంది తప్ప, బిడ్డవని ఆమెకు తోచలేదట. పైగా ఆ ఇంట్లో అంతకుముందు కాన్పులో బిడ్డ దక్కలేదు.

"బిడ్డ రాకముందే గుడ్డలా? ఎత్తుకోని పో," అని అత్తగారు తలుపేసింది.

ఇంకొకరైతే మళ్ళీ ఆ వీధి తొక్కరు.

అవ్వ కొన్నాళ్ళాగి, వట్టి చేతులతో వెళ్ళి తిన్నె మీద కూర్చుంది. తప్పయిందని చెప్పింది. తన గొప్పలేమీ చెప్పుకోలేదు. ఈసారైనా బిడ్డను దక్కిస్తావా అని అత్తగారు సూటిగా అడిగిందట.

"అది నా చేతిలో లేదు పెద్దమ్మా. నేను సరోజ పక్కన ఉంటా. అంతే."

తర్వాత సరోజమ్మ వైపు తిరిగి, నీకు దేనికి భయం అని అడిగింది. ఆ ఇంట్లో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పోయినసారి బిడ్డను ఎత్తుకెళ్ళారని, సాయంత్రం దాకా ఎవరూ ఏమీ చెప్పలేదని సరోజమ్మ చెప్పింది.

"ఏమైనా సరే, నాకు చెప్పేవాళ్ళు కావాలక్కా."

"చెప్తా," అంది అవ్వ.

అత్తగారు లోపలికి చూసి కాఫీ తెమ్మంది.

కాన్పు రోజు ఆసుపత్రిలో బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

నర్సు బిడ్డను మూలకు తీసుకెళ్ళింది. మంచం మీదున్న సరోజమ్మకు ఏమీ కనపడదు. అవ్వకు మాత్రం కనపడుతోంది. ఏం కాదులే అనడం ఎంత తేలిక!

అనలేదు. చూసింది చూసినట్టు చెప్పింది.

"ఇంకా ఏడ్వలా. నర్సమ్మ వీపు రుద్దతా ఉండాది. ఒళ్ళు నీలంగా ఉండాది సరోజా. ఉండు... ఒక కాలు ఆడిచ్చింది."

ఆ తర్వాత ఏడుపు వినపడింది.

ఇక అవ్వ ఎవరి గడపకూ వెళ్ళి అడగాల్సిన పని లేకపోయింది. సరోజమ్మే ఊరంతా చెప్పింది.

ఇదంతా చెప్పి, అవ్వ మంచం మీద కాళ్ళు చాపుకొని, నొప్పులు వస్తున్నట్టు మూలుగుతూ, ఇప్పుడు చెప్పు నువ్వెవరో అంది. నేను ట్రైనింగ్, సర్టిఫికెట్ అని మొదలుపెట్టాను.

"ఆ కాయితంతో నొప్పులప్పుడు ఇసురుకుంటాదా?" అంది. మళ్ళీ మళ్ళీ చెప్పించింది. నా గురించిన మాటలు తగ్గి, అడిగే మాటలు పెరిగేదాకా వదల్లేదు.

నిన్న మధ్యాహ్నం అవ్వను కడసారి చూడ్డానికి సరోజమ్మ, అప్పుడు పుట్టిన కూతురి చెయ్యి పట్టుకొని వచ్చింది. అందరూ అవ్వ చేసిన మేళ్ళు చెప్పుకుంటున్నారు. ఆమె నన్ను పక్కకు పిలిచి ఒక్క మాటే చెప్పింది.

"ఇది ఏడ్చేదానికి ముందర ఏం కాదని మీ అవ్వ చెప్పుంటే, ఏడుపు విన్నాక గూడా నేను నమ్మేదాన్ని కాదు పాపా."

ఇంతమంది నొప్పుల పక్కన కూర్చున్నావు అవ్వా. ఇక నీకు ఏ నొప్పీ వద్దు.

నెమ్మదిగా పడుకో. పోయిరా.