అడుగు తాకని ఈత

మొన్న టీవీలో ఒలింపిక్స్ ఈత పోటీలు అయిపోయాక, ఆ కొలనును ముక్కలుగా విప్పి వేరే ఊళ్ళకు పంపిస్తారని చెప్పారు. అక్కడి పిల్లలు అందులో ఈత నేర్చుకుంటారట. మంచిదే. అందులోని నీళ్ళను ఏం చేస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు నీళ్ళ గురించే ఫికరు.

ఆదిలాబాద్ బొగ్గు గనుల మధ్య మా కాలనీలోనూ ఒక కొలను ఉండేది. కార్మికుల కుటుంబాల ఆటల పోటీల కోసం ఒలింపిక్ కొలతలతో కట్టారు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే కాలనీకి ఒలింపిక్ కొలను! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని అందరూ నవ్వారు. దాన్ని గనిలోంచి పంపులతో తోడిన నీళ్ళతో నింపారు.

ఆ గనిలోనే, నా చిన్నప్పుడు, నీళ్ళు విరుచుకుపడి బాపు చనిపోయాడు. శవం దొరకలేదు. ఆ వైపు గోడ కట్టి మూసేశారు. బాపు బదులు అవ్వకు, అంటే మా అమ్మకు, ఊడ్చే పని ఇచ్చారు. కొలను కట్టాక ఆమెను అక్కడికి మార్చారు.

పోటీలకు నేనూ పేరిచ్చాను. అవ్వ వద్దనలేదు. రోజూ నేను బయటికి రాగానే తల తుడుస్తూ ఒకటే అడిగేది.

"అడుగు దాక పోయినవా బిడ్డా?"

మునిగిపోతానని భయం కాబోలు అనుకున్నాను. ఒకరోజు విసుగొచ్చింది. "నాకేం గాదు అవ్వా, ఊకె అడుగకు."

"నీ కోసం గాదే. గా నీళ్ళు మీ బాపును ముట్టి వచ్చినయ్. నీకేమన్న తగిలిందా అని."

ఆ తర్వాత ఎన్నడూ కొలను అడుగును కాలికి తగలనివ్వలేదు. పోటీలో అందరికంటే వెనక వచ్చాను. ఇప్పటికీ కరీంనగర్‌లో మా పిల్లల్ని ఈతకు తీసుకెళితే గట్టు మీదే కూర్చుంటాను.

పోటీలయ్యాక ఆ కొలనును పట్టించుకున్న నాథుడు లేడు. నీళ్ళు ఎండిపోయాయి, పలకలు ఊడిపోయాయి, మేకలు దిగి పడుకునేవి. మాది క్రైస్తవ కుటుంబం. సమాధుల పండుగనాడు అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అవ్వకు వెలిగించడానికి సమాధి లేదు. అందుకని కొలను లోతు వైపు గట్టుకు, ఒక మనిషి పడుకునేంత మేర సున్నం వేసి కొవ్వొత్తి వెలిగించేది.

"బాపు ఆడ లేడు గదవ్వా" అనేదాన్ని.

"ఏడున్నడో నువ్వు చెప్పు, ఆడికే పోదాం" అనేది.

ఈ ఏడు మేం వెళ్ళేసరికి టిప్పర్లు కొలనులో మట్టి పోస్తున్నాయి. పూడ్చి ఫంక్షన్ హాలు కడతారట. నాకు కోపం ఆగలేదు. డ్రైవర్ మీదికి ఉరికాను. "జర ఆగన్నా, గిది మా బాపు..." అంటూ టిప్పర్ తలుపు చరిచాను.

అవ్వ కొవ్వొత్తి నా చేతికిచ్చి, కుప్పలోంచి పిడికెడు మట్టి తీసుకుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, లోతు వైపు వేసింది. మాలో శవపెట్టెను దించాక అందరూ తలా పిడికెడు మట్టి వేస్తారు. బాపుకు ఎవరూ వేయలేదు.

"నువ్వు గూడ ఎయ్యి బిడ్డా."

నాకు భయమేసింది. అయినా వేశాను. అడుగున ఇంకా కొంచెం వాననీరు ఉంది, మట్టి పడిన చప్పుడు వినిపించింది.

అవ్వ కొంగుకు చేతులు తుడుచుకుని డ్రైవర్ వైపు తిరిగింది.

"ఇగ మన్ను పొయ్యి కొడుకా" అంది.