కాళ్ల తడి ఆరేదాకా

నా చిన్నప్పుడు రోజూ సాయంత్రం నాకొక పని ఉండేది. పొయ్యిలోని బూడిదను పాత చేటలోకి ఎత్తుకొని, పెరట్లో దానిమ్మ చెట్టు మొదలు చుట్టూ గుండ్రంగా చల్లాలి. ఎక్కడా సందు ఉండకూడదు. సందుంటే చీమలు దూరతాయి, దూరిన చీమలు అక్కడ పోసిన మా అమ్మ పాలు తాగుతాయి, చీమలు తాగితే తల్లికి పాలు ఎండిపోతాయి. ఇదంతా మా అవ్వ చెప్పిన మాట. ముగ్గు వేయమంటే వంకరటింకరగా గీసే నేను ఈ బూడిద గీతను మాత్రం చక్కగా వేసేదాన్ని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ పాలు మట్టిలో ఎందుకు పోయాలని అడగడం చాలా రోజుల దాకా నాకు తోచనే లేదు.

మాది ధర్మపురి పక్కన అదియమాన్‌కోట్టై. ఎన్ని తరాల కిందట అక్కడికి వచ్చామో మా తాతలకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా నాయన మెట్ట సేద్యం చేసేవాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, పొద్దున్నే మేకలు తోలుకొని పోతే పొద్దు వాలేటప్పటికి ఇల్లు చేరేది. మా అమ్మ వెల్లిచందై బడిలో పంతులమ్మ. బస్సెక్కి పోయి చదువు చెప్పే కోడలంటే ఆ రోజుల్లో వీధి వీధంతా తిరిగి చూసేది. రెండేళ్లుగా వానలు మొండికేసి, అమ్మ ఉద్యోగం మీదే మా పొయ్యి వెలుగుతోంది. అందుకని తమ్ముడు పుట్టి నాలుగు నెలలు నిండీ నిండకముందే, సెలవు అయిపోయిందని అమ్మ మళ్లీ బడికి బయలుదేరింది.

మా వీధి చివర పెంకుటింట్లో కాప్పగం అని ఒకటి కొత్తగా పెట్టారు. పనికి పోయే తల్లులు బిడ్డల్ని పగటిపూట అక్కడ వదిలిపోయేవాళ్లు. ఆ బిడ్డల్ని చూసుకునే ఆమెను అందరమూ ఆయమ్మ అనేవాళ్లం. ముప్పై ఏళ్లు కాన్పులు చేసిన చేయి ఆమెది. అరవం మనిషే అయినా మా తెలుగిళ్లలో తిరిగి తిరిగి మా మాట మాలాగే మాట్లాడేది. తెల్లవారి అమ్మ తమ్ముడికి కడుపునిండా పాలిచ్చి, వాణ్ణి ఆయమ్మ చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా బస్సుకు నడిచేది. చూస్తే పోలేనని తర్వాతెప్పుడో నాకు చెప్పింది. పగలంతా తమ్ముడికి పలచటి రాగి గంజి, కాస్త ఆవుపాలు. గిన్నె అంచు పెదవికి తగలగానే వాడు మొహం తిప్పేసేవాడట. బడి వదిలాక వాణ్ణి చంకనేసుకొని ఇంటికి తెచ్చేది నేనే.

అమ్మ బస్సు దిగి వచ్చేసరికి రవికె ముందంతా తడిసి, ఆరి, మళ్లీ తడిసి అట్టకట్టి ఉండేది. కొంగు నిండుగా కప్పుకొని పరుగులాంటి నడకతో వచ్చేది. ఆమె వాసన తగలగానే తమ్ముడు నా చంకలోంచి దూకబోయేవాడు. సరిగ్గా అప్పుడు మా అవ్వ అడ్డం వచ్చేది.

"ఎండన బడి వచ్చినావు. ఒంట్లో పాలు కాగిపోయుంటాయి. పిండి పారబోసి రా పో, ఆ యెనక ఇద్దువు."

వాటిని ఎండపాలు అనేది మా అవ్వ. పగలంతా బిడ్డ నోటికి దూరమై, తల్లి ఒంట్లోనే కాగిన పాలు బిడ్డకు విషమని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మా వైపు చాలా ఇళ్లలో ఉండేది కానీ, వాళ్లు రెండు చుక్కలు నేలమీద పిండి ఊరుకునేవాళ్లు. మా అవ్వకు రెండు చుక్కలు చాలవు. వేడి పోయిందని ఆమె మనసుకు తోచేదాకా పిండాల్సిందే. అమ్మ దానిమ్మ దగ్గర గోడవైపు తిరిగి కూర్చునేది. తెల్లటి పాలు నా బూడిద గీత లోపల మట్టిలోకి ఇంకిపోయేవి. ఇవతల తమ్ముడు నా భుజాన్నే చప్పరిస్తూ, అందులో ఏమీ రాక, గుక్కపట్టి ఏడ్చేవాడు. తీరా ఒళ్లోకి తీసుకునేసరికి వాడి ఆకలికి సరిపడా ఉండేవి కావు. కాసేపు గుంజి, వదిలేసి, అమ్మ ముఖంలోకి చూసి మళ్లీ ఏడుపు.

నెల తిరిగేసరికి వాడి తొడల మీద మడతలు పోయాయి. అమ్మకూ రోజురోజుకూ పాలు తగ్గుతున్నాయి. మరి కొన్నాళ్లు ఇలాగే సాగితే వాడికి తల్లిపాలే ఉండవని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. బడిలో అంతమంది పిల్లల నోళ్లు మూయించే మా అమ్మ ఇంట్లో నోరు తెరిచేది కాదు. చదువుకున్న మనిషి, ఒక్క మాట అనడానికేం? అవ్వ మీద కంటే నాకు అమ్మ మీదే ఎక్కువ కోపంగా ఉండేది.

ఒకరోజు తమ్ముడు పొద్దుటి నుంచీ గంజి ముట్టలేదని చెప్పడానికి ఆయమ్మ నా వెంటే మా ఇంటికి వచ్చింది. పెరటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. మరుసటి పొద్దున బిడ్డను అందుకుంటూ అమ్మను నిలదీసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇంటి సంగతి ఎవరికీ చెప్పుకోని అమ్మ, ఆ రోజు కాప్పగం గోడకు ఆనుకొని ఏడ్చింది.

"తల్లి ఒంట్లో ఉన్నంత సేపు పాలు చెడేది లేదమ్మా," అంది ఆయమ్మ. "ఎండపాలూ లేదు, ఏమీ లేదు. మధ్యాన్నం బడిలో కొంచెం పిండుకో, కట్టకుండా ఉంటాది. సాయంత్రం వచ్చినవి వచ్చినట్టే బిడ్డకియ్యి."

అమ్మ కళ్లు తుడుచుకొని, బస్సు వస్తుందేమో చూసి రమ్మని నన్ను బయటికి పంపింది. నేను తిరిగి వచ్చేసరికి ఆయమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకొని, మన పాపం అన్న మాటనే అరవంలో "పావం, పావం" అంటోంది. ఎవరు పావమో నేను అడగలేదు. నాకు కావలసిన ముక్క నాకు దొరికింది. మా అవ్వ చెప్పేదంతా తప్పు.

ఆ సాయంత్రం ఆయమ్మ మళ్లీ వచ్చింది. మా అవ్వ ఎదురుగా చతికిలబడి, ఎంతో గుట్టు విప్పుతున్నట్టు గొంతు తగ్గించి, తన అవ్వ చెప్పిన విరుగుడు ఒకటుందని మొదలుపెట్టింది.

"తల్లి మోకాళ్ల దాకా కాళ్లు కడుక్కోవాల అక్కా. కుండలో నీళ్లు ఒగ చెంబుడు తాగాల. చెట్టు కింద కూర్చోవాల. కాళ్ల తడి ఆరే లోపల ఒంట్లో వేడంతా మట్టిలోకి దిగిపోతాది. ఆ యెనక ఒగ చుక్క గూడా పారబొయ్యకూడదు, దోషం."

నాకు నవ్వు ఆగలేదు, కొట్టంలోకి పరుగెత్తాను. మా అవ్వ ఏ దిక్కుకు తిరిగి కూర్చోవాలని అడిగింది. ఆయమ్మ రెప్ప వేయకుండా తూర్పు అంది. అంతే, మరుసటి రోజు నుంచి నా బూడిద పని పోయింది. మేకల్ని కట్టేసి మా అవ్వే చెంబునిండా నీళ్లు ముంచి, పైన మూత పెట్టి, గుమ్మం దగ్గర కాచుకొని ఉండేది. ఎండల రోజులు కదా, కాళ్లు కడుక్కున్న తడి నిమిషాల్లో ఆరిపోయేది. తమ్ముడు తనకు రావాల్సిందంతా తాగి, అమ్మ రొమ్ము మీదే నిద్రపోయేవాడు. వాడి తొడల మీద మడతలు మళ్లీ వచ్చాయి. వాటిని లెక్కపెట్టి మురిసిపోయేది కూడా మా అవ్వే.

దీపావళి ముందర, ఇక రావనుకున్న వానలు వచ్చాయి. ఒకరోజు బస్సు ఆలస్యమైంది. మసకపడే వేళకు అమ్మ ముద్దగా తడిసి ఇల్లు చేరింది. చీర మార్చుకొని, కాళ్లు కడుక్కొని, నీళ్లు తాగి, చెట్టు కింద వాన పడుతోందని వసారాలో తూర్పుగా కూర్చుంది. ఆ చెమ్మలో కాళ్లు ఆరితేనా! మా అవ్వ చేట తీసుకొని అమ్మ పాదాల మీద విసరడం మొదలుపెట్టింది. ఒంగి, వేళ్ల సందుల్లోకి కూడా గాలి తగిలేలా విసురుతోంది. గుడ్డతో తుడుస్తానంటే అమ్మను తుడవనివ్వలేదు, దానంతట అదే ఆరాలట. నా చంకలో తమ్ముడు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. నా నోటి దురద ఇక ఆగలేదు.

"ఎండపాలు లేదు, ఏమీ లేదు! ఒంట్లో పాలు చెడవు. ఆయమ్మ నీకు అబద్ధం చెప్పినాది, నీ నోరు మూయించేదానికి!"

చేట ఆగింది. మా అవ్వ నన్ను చూడలేదు, అమ్మను చూసింది.

"నిజమా అమ్మీ?"

అమ్మ తల దించుకుంది. మా అవ్వకు అది చాలింది. మెల్లగా లేచి, నా చంకలోంచి తమ్ముణ్ణి తీసుకొని అమ్మ ఒళ్లో పెట్టింది. "ఇయ్యి. తడి కాళ్లతోనే ఇయ్యి," అని, వానలోకి దిగి పెరట్లోకి పోయింది.

నేను గెలిచాననుకున్నాను. తమ్ముడికి పాలిస్తూ, నా వైపు చూడకుండా అమ్మ అప్పుడు చెప్పింది. మా నాయనకు ముందు మా అవ్వకు ఒక మగబిడ్డ. ఏడు నెలలవాడు. మా అవ్వకు అప్పటికి పదిహేడేళ్లో, పద్దెనిమిదేళ్లో. బిడ్డను ఇంట్లో వదిలి చెనక్కాయ పెరకడానికి పోయి, పాలు చేపుకొస్తుంటే ఓర్వలేక, మిట్ట మధ్యాహ్నం ఎండలో పరుగెత్తుకొచ్చి వాడికి రొమ్మిచ్చింది. సాయంత్రానికి జ్వరం. మూడో రోజుకు బిడ్డ లేడు. కాగిన పాలిచ్చి చేతులారా చంపుకుందని ఆమె అత్త వీధిలో నిలబడి అరిచింది. ఆ తర్వాత పుట్టిన బిడ్డలందరికీ, పొలం నుంచి రాగానే పాలన్నీ పిండి పారబోసిన తర్వాతే మా అవ్వ రొమ్ము అందించింది. ఇదంతా తెలుసు కనుకనే అమ్మ ఇన్నాళ్లూ నోరెత్తలేదు. ఆ రోజు కాప్పగంలో ఇదంతా విన్నందుకే ఆయమ్మ అంత కథ అల్లింది.

నేను పెరట్లోకి పోయి చూశాను. మా అవ్వ దానిమ్మ మొదట్లో కూర్చొని ఉంది. పాలు పోసిన చోట మట్టి మీద అరచెయ్యి ఆనించి, తడుముతోంది. నాయన గోనెసంచి తెచ్చి ఆమె తల మీద కప్పి పక్కనే కూర్చున్నాడు.

"నువ్వు ఏడుస్తా ఉంటే, నీకియ్యాల్సిన పాలంతా మట్టికి పోస్తిని గదరా," అంటోంది.

"నేను బాగానే పెరిగినాను గదమ్మా," అన్నాడు నాయన.

"మరి వాడెందుకు పోయినాడ్రా?"

నాయన జారిపోతున్న గోనెసంచిని మళ్లీ ఆమె తల మీదికి లాగాడు. తప్పు తనదేనని నమ్మినన్నాళ్లూ మా అవ్వకు ఆ ప్రశ్నకు ఒక జవాబు ఉండేది. ఎంత చేదుదైనా దాన్ని పట్టుకొని బతికింది. నేను తగుదునమ్మా అని పోయి దాన్ని లాగేశాను. ఆ బిడ్డ పోయినప్పుడు మా అవ్వ ఏడవలేదట. చంపిన తల్లికి ఏడ్చే హక్కు ఎక్కడిదని అనుకుందట. ఆ సాయంత్రం ఏడ్చింది. అంత ముసలి గొంతులోంచి పసిదాని ఏడుపు రావడం నేను మళ్లీ ఎక్కడా వినలేదు.

మరునాడు కాప్పగంలో ఆయమ్మ కొంగు పట్టుకొని అంతా చెప్పుకొని ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు చెప్పింది నిజమే పాపా. చెప్పేముందు నువ్వు గూడా ఒగ చెంబుడు నీళ్లు తాగి, కాళ్లు ఆరేదాకా కూర్చోని ఉండొచ్చు గదా," అంది. తన కొంగుతో నా కళ్లు తుడుస్తూ, "వానకాలానికి వేరే విరుగుడు చెప్పుండేదాన్ని. నన్ను అడక్కపోతివి," అంది.

తమ్ముడు రెండేళ్లు నిండేదాకా పాలు తాగాడు. అమ్మ ఒక్కరోజూ బడి మానలేదు. మా అవ్వ సాయంత్రం చెంబు నింపి గుమ్మం దగ్గర పెట్టడం మానలేదు కానీ, దాహం తీర్చుకో అని మాత్రమే అనేది. అమ్మ పాలిచ్చేటప్పుడు అటు చూసేది కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. నా జడ వేసే చేతులు కూడా ఎప్పటిలాగే మెత్తగా ఉండేవి. అదే నాకు పెద్ద శిక్ష.

పెద్దయ్యాక నేనూ ఉద్యోగం చేశాను. నా కూతుర్ని కాప్పగంలో వదిలి, వెనక్కి చూడకుండా బస్సెక్కాను. సాయంత్రం రాగానే కాళ్లు కడుక్కొని, చెంబుడు నీళ్లు తాగి, తడి ఆరేదాకా కూర్చొని, అప్పుడే బిడ్డను ఒళ్లోకి తీసుకునేదాన్ని. ఎండపాలు లేవని నాకు తెలుసు, నా కంటే బాగా ఎవరికి తెలుసు! అయినా ఆ కాసేపూ ఏడు నెలల మా పెదనాయనను తలుచుకునేదాన్ని. ఎవరికైనా చేదు నిజం చెప్పాల్సి వస్తే ఇప్పటికీ ముందు పోయి కాళ్లు కడుక్కుంటాను. ఇంట్లో అందరూ దీన్ని నా చాదస్తం అంటారు.

ఆ బిడ్డ పేరేమిటని మా అవ్వను అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చినప్పుడల్లా చెంబుడు నీళ్లు తాగి, కాళ్లు ఆరేదాకా కూర్చొని, ఊరుకున్నాను. ఆ పేరు తెలిసిన మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు.