కెమెరా మూత తీసిన కనకమ్మ

ఈ రోజు నా ఫోటో కూడా ఒకటి ఉండాలనిపించింది. ఉప్పళంలో ఇన్నేళ్లుగా ఫ్రెంచి దొరలనూ పెళ్లి జంటలనూ గాజు ప్లేట్లకెక్కించాను గానీ, నాదొక్కటీ లేదు. నేను కుర్చీలో కూర్చుంటే కెమెరా మూత తీసేందుకు ఇంట్లో మరో మనిషి ఉండాలి కదా. పక్కింటి కనకమ్మను పిలిచాను. మబ్బు పట్టింది, మూత కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచమని చెప్పి, కిటికీ పక్కన బిగుసుకుని కూర్చున్నాను.

ఆమె మూత తీసి చేత్తో పట్టుకుని, నన్నే చూస్తూ, "ఏందన్నా, మొగం ఇట్లా వాడిపోయుండాది? సాపాటయిందా?" అంది.

"యాడమ్మా, ఇంకా పొయ్యే ముట్టించలే," అన్నాను.

గాజు ప్లేటు మందునీళ్లలో కడిగితే కుర్చీ, కిటికీ, చొక్కా గుండీలు స్పష్టంగా వచ్చాయి. మొహం మాత్రం చెదిరిపోయింది. కదలొద్దు, మాట్లాడొద్దు అని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే! కానీ సాపాటయిందా అని నన్ను అడిగినవాళ్లెవరు ఇన్నాళ్లూ? మీరైతే పలక్కుండా ఉండేవారా?