పావురాలు లేని లాండ్రీ

ఆస్పత్రి లాండ్రీలో మేస్త్రమ్మ అడుగుపెడితే మిషన్లు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగేవని చెప్పుకునేవారు. పల్లెటూరి బళ్ళో అయిదో తరగతి దాటని మనిషి. అయితేనేం, మూటలు మోసే పనిలో చేరి, చివరికి మేస్త్రీ అయింది. ఆమె హయాంలో మరక ఉన్న దుప్పటి వార్డుకు పోలేదు. నీళ్ళు ఆగిపోయిన వేసవిలో ఆడవాళ్ళందరినీ వరసలో నిలబెట్టి, బకెట్లు చేతులు మార్పించి, ఆపరేషన్ గది బట్టలు ఆగకుండా నడిపించింది. పెద్ద డాక్టరే కిందికి దిగివచ్చి మెచ్చుకుని వెళ్ళాడు. ఈ సంగతులు అడిగినవాళ్ళకూ చెప్పేది, అడగనివాళ్ళకూ చెప్పేది. చేసినవాళ్ళు చెప్పుకోక, చెయ్యనివాళ్ళు చెప్పుకుంటారా?

రిటైరయ్యాక కథలు రాయడం మొదలుపెట్టి, ఆదివారాలు గ్రంథాలయం మేడమీద కూడే రచయితల సంఘంలో చేరింది. అక్కడి మర్యాద ఒకటే. ఎవరు ఏం చదివినా మిగతావాళ్ళు "అద్భుతం" అనాలి. ఇవాళ అంటేనే రేపు తమదీ అద్భుతమవుతుంది. ఆ మాట చెవిన పడితే మేస్త్రమ్మకు ఒంటికి జిడ్డు పూసినట్టుండేది. అయినా ఓర్చుకుంది. సంఘం ఏటా వేసే పుస్తకంలో తన పేరు అచ్చయితే చూసుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది.

లాండ్రీలో తన మొదటిరోజు గురించి కథ రాసి వినిపించింది. సంఘం అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, మూతి తుడుచుకున్నాడు.

"అద్భుతం మేస్త్రమ్మగారూ! కానీ ఈ చీమూ నెత్తురూ ఎందుకండీ? జనం భోజనాల ముందు చదువుతారు."

"ఆ పురుగులు కూడా తీసేద్దురూ," అంది టీచరమ్మ.

"తెల్లదుప్పట్లు ఎండలో పావురాల్లా ఎగిరాయని పెట్టండి," అన్నాడు మందులషాపాయన. "చదవడానికి హాయిగా ఉంటుంది."

అన్నీ తీసేసింది. పావురాలు పెట్టింది. అధ్యక్షుడు మురిసిపోయి, ప్రెస్సుకు వెళ్ళే ఫైల్లో కథను పెట్టేశాడు.

ఆ రోజు మెట్లు దిగుతుంటే వెనకనుంచి కత్తెర పిలిచాడు. జీవితమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన ముసలాయనకు సంఘం పెట్టిన పేరది. సంఘంలో అద్భుతం అనని మనిషి ఆయనొక్కడే. అందుకే తలుపు పక్కన కుర్చీ వేసి ఆయన సంగతి మరిచిపోయారు.

"చెల్లెమ్మా, ఆ బట్టలు ఎవరుతికారు?"

"అదేం ప్రశ్న అన్నయ్యా? నేనే."

"మరి పావురాలెక్కడివి? మూట విప్పగానే నీకేమైందో చెప్పు."

"ఏమీ కాలేదు. అందరూ ముక్కు మూసుకునేవాళ్ళు, నేను మూసుకోలేదు. ఎవర్నైనా అడుగు!"

"అడగను. సంఘంవాళ్ళు బట్టల మురికి తీసేశారు. నీ అసహ్యాన్ని నువ్వే తీసేశావు. ఇక మిగిలింది నురగ."

'ముసలి పీనుగ' అని తిట్టుకుంటూ ఇల్లు చేరింది. కక్ష కొద్దీ కథను కోడలికి బిగ్గరగా చదివి వినిపించింది.

"బాగుంది అత్తయ్యా," అంది కోడలు. "అచ్చం సబ్బు ప్రకటనలా ఉంది."

కోడలు నిజంగానే మెచ్చుకుంది. ఎన్ని వార్డుల మూటలు విప్పినా తొణకనట్టు కనిపించిన మేస్త్రమ్మ, పావురాల దగ్గర కక్కొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మళ్ళీ రాసింది. మూటలో కట్టుగుడ్డకు అంటుకుని కదిలిన పురుగులు, గోడ వెనక మురిక్కాలవలో తను కక్కుకోవడం, తన చేతుల కంపుకి తనే జడిసి ఇంట్లో పసిబిడ్డను పక్కకు నెట్టెయ్యడం, ఆ రోగులు ఇంకా బతికున్నందుకు లోలోపల తిట్టుకోవడం, ఏదీ దాచలేదు.

మరుసటి ఆదివారం దాన్ని చదువుతుంటే టీచరమ్మ కొరికిన బిస్కెట్టు కింద పెట్టేసింది. అధ్యక్షుడు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఛీ ఛీ! ఆపండి తల్లీ!"

మేస్త్రమ్మ తలెత్తింది. "ఏ వాక్యం దగ్గరండీ?"

"ఏమిటి?"

"ఛీ అనిపించింది ఏ వాక్యం దగ్గర?"

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "ఆ... పసిబిడ్డ దగ్గర."

మేస్త్రమ్మ అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుంది.

"నాకు పురుగుల దగ్గర," అంది టీచరమ్మ. "కానీ రెండుసార్లు చెప్పారు. రెండోసారి వాటిని ముద్దు చేస్తున్నట్టుంది."

మందులషాపాయన గడ్డం గోక్కున్నాడు. "కక్కుకున్నాక మళ్ళీ లోపలికెందుకు వెళ్ళారో రాయలేదు. నేనైతే ఇంటికి పారిపోయేవాణ్ణి."

ఆ గదిలో అద్భుతం అన్న మాట వినిపించకపోవడం అదే మొదలు.

అధ్యక్షుడు తేరుకున్నాడు. "చర్చ సరే. పుస్తకంలో మాత్రం పాతదే వేస్తాం. రేపే ప్రెస్సుకి."

"పాతది ఇటివ్వండి."

"మీ పేరు అచ్చులో ఉండదు మరి. ఆలోచించుకోండి."

మేస్త్రమ్మ ఆ పుస్తకం అట్ట ఎలా ఉంటుందో కూడా ఎన్నోసార్లు ఊహించుకుంది. అయినా చెయ్యి చాచే ఉంచింది. ఆయన ఫైలు తీసి, కాగితాలు ఆ చేతిలో పెట్టాడు. వాటిని చింపి టీ కప్పుల బుట్టలో పడేసి, కుర్చీని మందులషాపాయన వైపు లాక్కుంది.

"మళ్ళీ లోపలికెందుకెళ్ళానంటే... వెళ్ళకపోతే ఉద్యోగం పోయేది. అంతే."

"అదే రాయి," అన్నాడు కత్తెర తలుపు దగ్గర్నుంచి. "సేవ, త్యాగం అని రాశావో, ఈ మెట్లమీంచి తోసేస్తా."

"నువ్వు దిగగలవో లేదో ముందు అది చూసుకో అన్నయ్యా," అంటూ పెన్సిలు ముల్లు చెక్కుకుంది మేస్త్రమ్మ. "సరే, ఇంకా ఎక్కడెక్కడ కోతలు కోశానో చెప్పు."