టిఫిన్ హోటల్లో సాక్షి బోను

చిత్తూరులో ఒక పాత కోర్టు భవనాన్ని కాంప్లెక్స్‌గా మార్చారు. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఆ పైన కాపురాలు. విచారణలు జరిగిన హాల్లో ఇప్పుడు టిఫిన్ హోటల్. అలంకారానికని సాక్షి బోను మాత్రం అలాగే ఉంచారు. సువార్త సభలకు గుంటూరు నుంచి వెళ్లిన నేను పొద్దున్నే బైబిలు పక్కన పెట్టుకుని అక్కడ ఇడ్లీ తింటున్నాను.

ఒకావిడ చంకలో బట్టల సంచితో, మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి బోను ముందు నిలబెట్టింది.

"యోవ్, ఎక్కి చెప్పు. రాత్రి తాగినావా లేదా? అబద్ధమాడితే పూతలపట్టు బస్సెక్కి మా నాయనింటికి పోతా."

"ఒట్టు పెట్టుకోవద్దని వాక్యం చెబుతోందమ్మా" అని అడ్డుపడ్డాను.

"మీరుండండి పాస్టరయ్యా. ఈయప్ప దేవుని ముందర ఎన్ని ఒట్లయినా ఏస్తాడు. బోనెక్కితేనే కాళ్లు వణికేది. మా ఊర్లో అందరికీ అంతే."

అతను ఎక్కాడు. "తాగినాను" అన్నాడు. ఆవిడ సంచి కింద పెట్టి రెండు కాఫీలు చెప్పింది.

పశ్చాత్తాపం మీద నేను గంటల తరబడి ప్రసంగించినా ఇంత తొందరగా ఎవరూ ఒప్పుకోలేదు. మా సంఘానికి ఇలాంటి బోను చేయించవచ్చా అని హోటల్ యజమానిని అడిగాను.

"చేయిస్తాం పాస్టరయ్యా. ముందు మీరు ఎక్కి సూడండి, ఎట్లుంటాదో."

సభ సాయంత్రానికి. అయినా టైమైందంటూ లేచి చేతులు కడుక్కున్నాను.