జెనోవెఫా అత్తయ్య వాకిట్లో పరాయి బండి

మా జెనోవెఫా అత్తయ్యకి మనుషులు కనిపించరు, బండ్లు కనిపిస్తాయి. కళ్ళకేం జబ్బు లేదు. డెబ్భై దాటినా సూదిలో దారం తనే ఎక్కిస్తుంది. కార్ల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి సీట్లకు తొడుగులు కుట్టిన చెయ్యి మరి. కానీ గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు వాళ్ళ భుజం మీంచి వీధిలోకి తొంగిచూసి, "ఏ బండిలో వచ్చారు?" అంటుంది. బండి నచ్చితే ఆ తర్వాత "బాగున్నారా" అంటుంది. నచ్చకపోతే ఆ ప్రశ్న కూడా ఉండదు.

ఒకసారి మా చుట్టాలమ్మాయి పెళ్ళికి నేను వెళ్ళలేకపోయాను. అత్తయ్య వెళ్ళొచ్చింది. పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడని అడిగాను.

"నీలం రంగు, నాలుగు తలుపులు. వెనక సీట్లో కాళ్ళు చాపుకునే చోటు లేదు. పిల్లలు పుడితే అవస్థే."

"అత్తయ్యా, నేనడిగింది పెళ్ళికొడుకు గురించి!"

"అతను కూడా ఉన్నాడులే."

మాది హ్యామ్‌ట్రామిక్. డెట్రాయిట్ నగరం నాలుగు వైపులా చుట్టేసిన చిన్న ఊరు. ఇక్కడ ఏ ఇంటి తలుపు తట్టినా కార్ల ఫ్యాక్టరీలో చేసినవాళ్ళే తీస్తారు. అత్తయ్య చేసిన కంపెనీ ఒకటి, దానికి బద్ధశత్రువు అవతలి కంపెనీ. పేర్లు చెప్పను. రెండిట్లోనూ నాకు చుట్టాలున్నారు, పండక్కి రెండిళ్ళలోనూ భోంచెయ్యాలి.

అత్తయ్య తన యవ్వనంలో చేసిన ఘోరం ఒక్కటే. అవతలి కంపెనీలో చేసే బ్రోనెక్ మావయ్యని ప్రేమించింది. చర్చి మారి పెళ్ళి చేసుకుంటే మా పేటవాళ్ళు సర్దుకునేవాళ్ళేమో, కంపెనీ మారి చేసుకుంటే ఎలా ఊరుకుంటారు? పెళ్ళి రోజే అత్తయ్య షరతు పెట్టిందట. "నువ్వు లోపలికి రా. నీ బండి మాత్రం రాకూడదు." అప్పట్నించీ అత్తయ్య బండి షెడ్డులో, మావయ్య బండి వీధిలో. చలికాలం వస్తే పాపం ఆయన పార పట్టుకుని మంచులో తన బండిని వెతుక్కునేవాడు.

కార్మిక సంఘం ఆఫీసు ముందు ఒక బోర్డుంటుంది, విదేశీ బండి పెడితే లాక్కుపోతామని. అత్తయ్య అంతకన్నా కాస్త ముందుకెళ్ళి తన వాకిట్లో సొంత బోర్డు పాతింది. ‘ఇక్కడ మన కంపెనీ బండ్లే. అవతలివి వీధిలో. విదేశీవి అసలు ఈ వీధిలోకే వద్దు.’ చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ ఆ బోర్డు సంగతి తెలియక విదేశీ బండిలో వచ్చి దీవెనలిచ్చి వెళ్ళాడు. ఆ వారం అత్తయ్య పాపాలు ఒప్పుకోవడానికి చర్చికెళ్ళి, ఫాదర్ కూర్చునే గది జాలీకి ఇవతల మోకరించి, "ఫాదర్, నావి తర్వాత. ముందు మీరు చెప్పండి, ఆ బండి ఎందుకు కొన్నారు?" అందట.

ఇక పొద్దున్నే పేపరు రాగానే షేర్ల పేజీ. మనం రాశిఫలాలు చూసుకున్నట్టు చూసుకునేది. తన కంపెనీ షేరు లేస్తే ఆ పూట మావయ్యకి సాసేజి. పడితే ఉడకేసిన క్యాబేజీ. అవతలి కంపెనీ లేచిందనుకోండి, ఆ క్యాబేజీలో ఉప్పు కూడా ఉండదు. షేర్లన్నీ కుప్పకూలిన రెండువేల ఎనిమిది చివరికొచ్చేసరికి మావయ్య సగానికి సగమైపోయాడు.

చుట్టాలెవరైనా కొత్త బండి కొంటే అత్తయ్య చేసే పరీక్ష చూసి తీరాలి. ముందు సీట్ల వంక కన్నెత్తి చూడదు. ఆ భారీకాయంతో, చేతిసంచీతో సహా దూరి, కష్టపడి చివరి వరసలోకి వెళ్ళి కూర్చుంటుంది. తలుపు వేయించుకుని కాసేపు లోపలే ఉంటుంది. తర్వాత బయటికి లాగడానికి ఇద్దరు కావాలి.

"చివరి వరసలో ఏముంటుందత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ముందు సీట్లు ఊరివాళ్ళ కోసం తుడుచుకుంటారే హలీనా. వెనక్కి వెళ్తే గానీ ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలీదు."

చాదస్తం అనుకున్నాను.

ఆ మరుసటేడు ఈస్టర్ పండగ. కంపెనీలు రెండూ రేపో మాపో అన్నట్టున్నాయి. ఊళ్ళో ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేదు. అయినా అత్తయ్య బల్ల మీద వెన్నతో చేసిన గొర్రెపిల్ల కూర్చుంది, రంగు గుడ్లు పెట్టాం, ఇల్లంతా చుట్టాలు. ఇంకా రావలసింది మా పెదనాన్న కొడుకు తాదెక్ అన్నయ్య, లొరేన్ వదిన, వాళ్ళ ముగ్గురు పిల్లలు. అన్నయ్య చేసే ఫ్యాక్టరీ మూతపడిందని అందరికీ తెలుసు. తనని మాత్రం ఇంకో చోటికి మార్చారని చెప్పుకొచ్చాడు. వాడి అభిమానం సంగతి తెలిసి ఎవరూ గుచ్చి అడగలేదు.

కిటికీలోంచి చూస్తున్న బ్రోనెక్ మావయ్య ఉన్నట్టుండి సిలువ గుర్తు వేసుకున్నాడు. నేనూ వెళ్ళి చూశాను. ఒక పాత మినీవ్యాను, అదీ విదేశీది, వీధిలో చోటు దొరక్క తిన్నగా వచ్చి అత్తయ్య వాకిట్లో, ఆ బోర్డు పక్కనే ఆగింది. దిగింది తాదెక్ అన్నయ్య.

అత్తయ్య పండక్కని కళ్ళు మండించే ఘాటు ముల్లంగి తురుముతున్న కోరాం చేతిలోనే పట్టుకుని బయటికి నడిచింది. ఇంట్లో ఉన్నవాళ్ళమంతా వెనకాలే.

"ఏమిట్రా ఇది?"

"బండి అత్తయ్యా."

"నాకూ కళ్ళున్నాయి. మన బండేది?"

"అమ్మేశాను. ఇది పెట్రోలు తక్కువ తాగుతుంది."

"మీ మావయ్య కూడా తక్కువే తాగుతాడు. అందుకని వాకిట్లో పెట్టుకున్నానా?"

అందరూ నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. "అంత కష్టంగా ఉంటే వెళ్ళిపోతాంలే" అని తాళాలు గట్టిగా పట్టుకున్నాడు. వదిన వాడి చొక్కా చెయ్యి పట్టుకు లాగింది. ఆమె కళ్ళలో భయం చూసి నాకేమీ అర్థం కాలేదు.

"వెళ్తువుగానిలే. ముందు పరీక్ష కానీ" అని అత్తయ్య పక్క తలుపు లాగి లోపలికి దూరింది.

ఎప్పుడూ తీరిగ్గా కూర్చునే మనిషి, ఇలా వెళ్ళి అలా వచ్చేసింది. లాగడానికి చెయ్యందిద్దామని వెళ్ళిన నేను ఆమె భుజం పక్కనుంచి లోపలికి చూశాను. చివరి వరస మడిచేసి ఉంది. దాని మీద దుప్పట్లు, తలగడలు. ఒక గ్లాసులో పళ్ళు తోముకునే బ్రష్షులు. హ్యాంగరుకి పిల్లల బడి బట్టలు, ఉతికి ఆరేసినవి. ఇల్లు పోయింది. ఐదుగురు మనుషులు ఈ బండిలో కాపురం ఉంటున్నారు.

తాదెక్ అన్నయ్య అత్తయ్య మొహంలోకే చూస్తున్నాడు. ఒక్క మాట పైకి అంటే చాలు, పాపం అని ఒక్కరు నిట్టూర్చితే చాలు, వాడు పెళ్ళాంపిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ మా గడప తొక్కడు. చుట్టూ చూస్తే ప్లేట్లు పట్టుకుని చుట్టాలందరూ ఉన్నారు.

అత్తయ్య గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఛీ! ఛీ! ఛీ!" అని మొదలుపెట్టింది. వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "ఇవి సీట్లా? వీటిని కుట్లంటారా? ఈ కుట్టు కుట్టినవాడికి చేతులున్నాయా? నా మనవల్ని ఇందులో కూర్చోబెట్టి తిప్పుతున్నావురా, సిగ్గులేని వెధవా? తాళాలిలా తే!"

"అత్తయ్యా..."

"తే అంటుంటే! ఈ సీట్లన్నీ విప్పి నేను మళ్ళీ కుట్టేదాకా ఈ బండి కదలడానికి వీల్లేదు. ఆ పిల్లలు ఇందులో ఎక్కడానికి వీల్లేదు. మేడమీద రెండు గదులు ఊరికే పడి ఉన్నాయి. లొరేన్, అలా చూస్తావేమిటే, సామాను పైకి పట్టించు! హలీనా, నీకు చేతులు పడిపోయాయా?"

"సీట్లు కుట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు అన్నయ్య.

"నేను ముసలిదాన్నిరా. తొందరపెట్టకు. ఇంకో సంగతి, ఈ దరిద్రాన్ని నా వాకిట్లో ఊరంతా చూడాలా? షెడ్డులో పెట్టి తలుపెయ్యి. బ్రోనెక్! నా బండి తీసి వీధిలో పెట్టు!"

మావయ్య చేతిలోని గుడ్డు కిందపడి పగిలింది. అత్తయ్య బండి అంతవరకు వాన చుక్క ఎరగదు. ఆదివారం ఆదివారం దానికి మైనం పూసేది.

"ఎక్కడ పెట్టను?" అన్నాడు మెల్లిగా.

"నీ దాని వెనకాల! ఎక్కడని అడుగుతాడు, ఎక్కడని!"

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. అత్తయ్య కిటికీకి వీపు పెట్టి కూర్చుని, అవసరానికి మించి ముల్లంగి తురిమింది. కళ్ళు తుడుచుకుంటూ ఘాటు ఎక్కువగా ఉందంది. ఘాటే అయి ఉంటుంది.

సోమవారం నాటికి ఆ వ్యాన్లో సీట్లన్నీ విప్పేసి కింది గదిలోకి చేర్చింది. ఇక బండి తీసుకుని ఎక్కడికి పోతాడు? ఫ్యాక్టరీలో గుట్టలు గుట్టలుగా కుట్టి పడేసిన మనిషికి ఇప్పుడు ఒక్క తొడుగు కుట్టడానికి నెల చాలేది కాదు. ఒకరోజు దారం నాసిరకం, ఒకరోజు సూది మొద్దు, ఒకరోజు మోకాళ్ళ నొప్పి. అన్నయ్య వచ్చి "అయిందా అత్తయ్యా?" అంటే, "నీకు పనుంటే చూసుకో, నా పనిలో వేలు పెట్టకు" అని కసిరేది. జూన్ మొదట్లో ఆమె కంపెనీ దివాలా తీసిందని పేపర్లో పడ్డప్పుడు ఆ పూట మాకు క్యాబేజీ కూడా దొరకదనుకున్నాం. పేపరు మడిచి పక్కన పెట్టి, పిల్లలున్నారు కదా అని సాసేజి వేయించింది. తను మాత్రం తినలేదు.

ఆకులు రాలే రోజుల్లో తాదెక్ అన్నయ్యకి బడి బస్సులు బాగుచేసే చోట ఉద్యోగం దొరికింది. రెండు వీధుల అవతల ఇల్లు చూసుకున్నాడు. ఆ మాట చెప్పిన సాయంత్రమే, విచిత్రం, మిగిలిన సీట్లన్నీ కుట్టడం అయిపోయింది.

పిల్లలు చేతులూపుతుంటే ఆ వ్యాను షెడ్డులోంచి బయటికొచ్చి వీధి మలుపు తిరిగింది. అత్తయ్య వాకిట్లో నిలబడి అది కనుమరుగయ్యేదాకా తిడుతూనే ఉంది. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను.

"నిజం చెప్పు అత్తయ్యా. ఆ కుట్లు అంత అధ్వానంగా ఉన్నాయా?"

మావయ్య దగ్గర్లో లేడు కదా అని అటూ ఇటూ చూసింది. నా చెవి దగ్గరికి వంగింది.

"అధ్వానమా? నా జన్మలో అంత చక్కటి కుట్టు చూడలేదే. విప్పుతుంటే ప్రాణం ఉసూరుమంది. పైగా నేను కుట్టింది అంత బాగా రాలేదు."